వియన్నాలో స్థానిక కుటుంబం ఇంట అతిథిగా ఉండటం ఎలా

వియన్నాకు వెళ్లేవారిలో ఎక్కువమంది హోటల్లో దిగి, రాజప్రాసాదాలు చూసి, మూడో రోజుకి ప్రాగ్‌కో బుడాపెస్ట్‌కో రైలెక్కుతారు. ఆ ఊరివారి ఇంట్లో వారం రోజులు ఉండే అవకాశం దొరికినవారు అదే నగరాన్ని ఇంకో విధంగా చూస్తారు. ఆదివారం ఆ కుటుంబం ఏ కొండకు నడకకు వెళ్తుందో, రొట్టె ఏ కొట్టులో కొంటుందో, సాయంత్రం ఆరున్నరకే భోజనం ముగించి ఏం చేస్తుందో తెలుసుకోవడానికి వేరే మార్గం లేదు. అయితే పరాయి దేశంలో ఒకరి ఇంట్లో ఉండటానికి ప్రభుత్వం అడిగే కాగితాలున్నాయి, ఆ ఇంటికి ఒక క్రమం ఉంటుంది, మనకు మన అలవాట్లుంటాయి. ఈ మూడింటినీ ముందే సర్దుకుంటే ప్రయాణం హాయిగా సాగుతుంది. ఆస్ట్రియా కుటుంబం ఇంట్లో అతిథిగా ఉండబోతున్న తెలుగువారిని దృష్టిలో పెట్టుకుని, ఏ పని ఎప్పుడు చేయాలో వరుసగా రాస్తున్నాను.

ఇంటివారిని కుదుర్చుకోవడం

చాలామందికి ఈ అవకాశం పరిచయాల ద్వారానే వస్తుంది. ఆఫీసులో కలిసి పనిచేసిన ఆస్ట్రియా సహోద్యోగి, పిల్లలు చదువుకున్న రోజుల్లో దగ్గరైన స్నేహితుల తల్లిదండ్రులు, ఒకప్పుడు మన ఊరికి వచ్చి మన ఇంట్లో భోంచేసి వెళ్లిన అతిథి, ఇలా ఎవరో ఒకరు పిలుస్తారు. అటువంటి పరిచయం లేనివారికి సర్వాస్ అనే సంస్థ ఉంది. రెండో ప్రపంచయుద్ధం తరువాత, దేశాల మధ్య శాంతి మనుషుల పరిచయాలతోనే నిలుస్తుందనే నమ్మకంతో 1949లో అది మొదలైంది. అందులో సభ్యులుగా చేరాలంటే దరఖాస్తు చేసి, మీ ప్రాంతపు ప్రతినిధితో ముఖాముఖి మాట్లాడి, పరిచయపత్రం తీసుకోవాలి. ఒక ఇంట్లో రెండు రాత్రులు ఉండటం అక్కడి ఆనవాయితీ, డబ్బు ప్రసక్తి ఉండదు. 2004లో మొదలైన కౌచ్‌సర్ఫింగ్ కూడా ఇదే కోవకు చెందింది కానీ, అక్కడ సభ్యుల గురించి ఇతరులు రాసిన అభిప్రాయాలను ఓపికగా చదివి నిర్ణయించుకోవలసిన బాధ్యత పూర్తిగా మీదే. ఒంటరిగా ప్రయాణించే స్త్రీలకు, కుటుంబాలకు నేను సర్వాస్‌నే సూచిస్తాను. ముందుగా మనిషిని చూసి మాట్లాడే పద్ధతికి విలువ ఎక్కువ.

మొదటి ఉత్తరంలోనే అన్నీ స్పష్టంగా రాయండి. వచ్చే తేదీ, వెళ్లే తేదీ, ఎంతమంది, వారి వయసులు, ఏం తింటారు, ఏం తినరు, మెట్లు ఎక్కలేని పెద్దవారున్నారా, మందులేమైనా ఫ్రిజ్‌లో పెట్టాలా అన్నవన్నీ అందులో ఉండాలి. వియన్నా అపార్ట్‌మెంట్లలో అతిథుల కోసం ప్రత్యేకంగా ఒక గది ఉండటం అరుదు. తరచుగా హాల్లోని సోఫానే రాత్రికి పరుపుగా మారుతుంది. అందుచేత నలుగురు సభ్యుల కుటుంబం ఒకే ఇంట్లో పది రోజులు ఉంటామని అడగడం సబబు కాదు. ఇద్దరైతే నాలుగైదు రోజులు, మహా అయితే వారం అనుకుని, మిగిలిన రోజులకు దగ్గరలో గది తీసుకోండి.

ఈ ప్రయాణమంతటా మొహమాటాన్ని పక్కన పెట్టాలి. మన ఇళ్లలో ఇంకాస్త వడ్డించనా అని అడిగితే రెండుసార్లు వద్దని, మూడోసారి ఒప్పుకోవడం మర్యాద. వియన్నాలో మొదటిసారి మీరు వద్దంటే అదే మీ నిర్ణయమని తీసుకుంటారు. మళ్లీ మళ్లీ అడిగి మిమ్మల్ని ఇబ్బంది పెట్టకూడదన్నది వారి మర్యాద. రాత్రి చలేస్తే ఇంకో దుప్పటి అడగాలి, ఆకలేస్తే చెప్పాలి, అలిసిపోతే ఈ పూట ఇంట్లోనే ఉంటానని అనాలి. అడిగితే ఏమనుకుంటారోనని ఊరుకున్న అతిథికి తక్కువైనదేమిటో వారికి తెలిసే దారి ఉండదు, తరువాత తెలిస్తే వారు నిజంగా నొచ్చుకుంటారు.

వీసా కాగితాలు

భారతీయ పాస్‌పోర్టుతో వెళ్లేవారికి, యూరప్‌లోని చాలా దేశాలకు కలిపి ఇచ్చే షెంగెన్ వీసా కావాలి. ఏ 180 రోజుల వ్యవధిలోనైనా 90 రోజులకు మించి ఉండకూడదు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు, కనీసం 15 రోజుల ముందైనా చేయాలి. వేసవి రద్దీలో అపాయింట్‌మెంట్ దొరకడమే కష్టం కాబట్టి మే, జూన్ ప్రయాణాలకు సంక్రాంతి వెళ్లగానే పని మొదలుపెట్టడం మేలు. పెద్దలకు రుసుము 90 యూరోలు, ఆరు నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లలకు 45. కనీసం 30,000 యూరోల వైద్యఖర్చులకు సరిపడే ప్రయాణ బీమా తప్పనిసరి. ఒకటికి మించి దేశాలు చూసేటట్లయితే, ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికే దరఖాస్తు చేయాలి.

హోటల్ బుకింగ్ ఉండవలసిన చోట మీరు ఇంటివారి ఆహ్వానలేఖను చూపాలి. అందులో వారి పూర్తి పేరు, చిరునామా, మీ పేరు, పాస్‌పోర్టు సంఖ్య, మీకూ వారికీ ఉన్న పరిచయం, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా తమ ఇంట్లో ఉంటారన్నది, ఖర్చులు ఎవరు భరిస్తారన్నది ఉండాలి. వారి గుర్తింపు పత్రం నకలు, ఆ చిరునామాలో నివాసమున్నట్టు చూపే నమోదు పత్రం కూడా జతచేస్తే మంచిది. మీ ఖర్చులు వారే భరిస్తున్నట్లయితే ఆస్ట్రియాలో ఈవీఈ అని పిలిచే ఎలక్ట్రానిక్ హామీపత్రం అవసరమవుతుంది. దానికోసం ఇంటివారు తమ ఆదాయపు కాగితాలు, ఇంటి అద్దె ఒప్పందం పట్టుకుని విదేశీయుల వ్యవహారాలు చూసే పోలీసు కార్యాలయానికి స్వయంగా వెళ్లి సంతకం చేయాలి. అప్పుడు వచ్చే గుర్తింపు సంఖ్యను మీరు దరఖాస్తులో రాస్తారు. ఆ సంతకం చేసినవారు మీ వల్ల ప్రభుత్వానికి కలిగే ఖర్చుకు బాధ్యులవుతారు. కాబట్టి మీ బ్యాంకు ఖాతా మీ ఖర్చుకు సరిపోతుంటే ఆ భారం వారి మీద పెట్టకండి. పడుకోవడానికి చోటు ఇవ్వడమే పెద్ద సాయం.

ఆహ్వానలేఖ నకలును చేతి సంచిలో ఉంచుకోండి. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా వెళ్తే ఇమిగ్రేషన్ తనిఖీ అక్కడే జరుగుతుంది, దుబాయ్ లేదా దోహా మీదుగా వెళ్తే వియన్నాలో జరుగుతుంది. 2025 అక్టోబరు 12 నుంచి యూరప్ సరిహద్దుల్లో దశలవారీగా వచ్చిన కొత్త ప్రవేశ నమోదు విధానంలో ముఖచిత్రం తీసుకుంటారు. మొదటిసారి వెళ్లేవారికి దీనికి కొంత సమయం పడుతుంది, కనుక ఇంటివారికి మీరు చేరే వేళ చెప్పేటప్పుడు గంట అదనంగా వేసుకోండి.

పెట్టెలో ఏం పెట్టాలి, ఏం పెట్టకూడదు

మనవారు ఎక్కువగా తడబడేది ఇక్కడే. యూరోపియన్ యూనియన్ బయటి నుంచి వచ్చే ప్రయాణికులు మాంసంతో, పాలతో చేసినవి తీసుకెళ్లకూడదు. నెయ్యి సీసా, పాలకోవా, చికెన్ పచ్చడి, రొయ్యలు కాకుండా మాంసం కలిసిన ఏ పొడైనా సరే ఇంట్లోనే వదిలేయండి. తాజా పళ్లు, కూరలు, ఆకులకు మొక్కల ఆరోగ్య ధృవీకరణ పత్రం కావాలన్న నిబంధన 2019 డిసెంబరు నుంచి అమల్లో ఉంది. అనాస, కొబ్బరికాయ, అరటి, ఖర్జూరం, దురియన్ పళ్లకు మాత్రమే మినహాయింపు. అంటే కరివేపాకు రెబ్బలు, గోంగూర కట్ట, బంగినపల్లి మామిడిపళ్లు కుదరవు. నూనెలో ఊరిన ఆవకాయ, గోంగూర పచ్చడి, చింతపండు, కందిపొడి, ఆవాలు, ఎండుమిర్చి మీ కోసం కొద్ది పరిమాణంలో తీసుకెళ్లవచ్చు. పచ్చడి నూనె కారి పెట్టె నిండా పాకకుండా సీసా మూతకు టేపు చుట్టి, రెండు ప్లాస్టిక్ కవర్లలో పెట్టండి.

ఇంటివారికి ఇవ్వడానికి బరువైనవి, పెద్దవి వద్దు. వియన్నా ఇళ్లలో వస్తువులు పెట్టుకునే చోటు తక్కువ, అలంకరణ విషయంలో ఎవరి అభిరుచి వారిది. నా దృష్టిలో అన్నిటికన్నా మంచి కానుక అరకు కాఫీ గింజలు. కాఫీని ఇంత ప్రేమించే ఊరికి తూర్పు కనుమల్లో గిరిజన రైతులు పండించిన కాఫీ తీసుకెళ్లడంలో ఒక అందం ఉంది, దాని గురించి మాట్లాడుకోవడానికీ బోలెడంత ఉంటుంది. పోచంపల్లి ఇక్కత్ టేబుల్ గుడ్డ, మంగళగిరి నూలు కండువా, పిల్లలున్న ఇంటికి ఏటికొప్పాక లక్క బొమ్మలు కూడా బాగుంటాయి. అక్కడికి చేరాక పువ్వులు కొనాలనుకుంటే బేసి సంఖ్యలో కొనండి. ఎర్ర గులాబీలు ప్రేమకు, తెల్ల లిల్లీలు, చామంతులు సమాధులకు గుర్తు కాబట్టి వాటిని తప్పించండి.

రెండు గుండ్రటి పుల్లల ప్లగ్గులు అక్కడ పనిచేస్తాయి కానీ మన మూడు పుల్లల ప్లగ్గు పట్టదు, ఒక అడాప్టర్ చాలు. రోజూ వాడే మందులను వైద్యుడి చీటీతో సహా తీసుకెళ్లండి. ఆస్ట్రియాలో జ్వరం మాత్ర కూడా ఎర్రటి గుర్తున్న అపోథేకె అనే మందుల దుకాణంలోనే అమ్ముతారు, కిరాణా కొట్టులో దొరకదు.

ఇంటి తలుపు దాకా చేరడం

విమానాశ్రయం ష్వెఖాట్ అనే చోట, వియన్నా నగర టికెట్ పరిధికి బయట ఉంది. అక్కడి నుంచి ఎస్7 రైలు సుమారు 25 నిమిషాల్లో వీన్ మిట్టె స్టేషన్‌కు, రైల్‌జెట్ రైళ్లు దాదాపు పావుగంటలో ప్రధాన స్టేషన్‌కు చేరుస్తాయి. క్యాట్ అనే ఆకుపచ్చ రైలు 16 నిమిషాల్లో తీసుకెళ్తుంది కానీ దాని టికెట్ వేరు, ధర ఎక్కువ. ఆ తొమ్మిది నిమిషాల కోసం అంత డబ్బు అవసరం లేదు.

చిరునామా చదవడం ముందే నేర్చుకోవాలి. పిన్‌కోడ్ 1070 అని ఉంటే నడిమి రెండు అంకెలు జిల్లా సంఖ్య, అంటే ఏడో జిల్లా. నగరంలో మొత్తం 23 జిల్లాలున్నాయి. వీధి పేరు తరువాత 12/2/15 అని ఉంటే పన్నెండో నంబరు భవనం, రెండో మెట్లదారి, పదిహేనో తలుపు అని అర్థం. కింద కాలింగ్ బెల్ పలక మీద చాలా భవనాల్లో పేర్లుండవు, తలుపు సంఖ్యలే ఉంటాయి, కాబట్టి మూడో అంకె లేకుండా చిరునామా రాసుకుని వెళ్తే వీధిలో నిలబడిపోతారు. పందొమ్మిదో శతాబ్దపు భవనాల్లో నేల అంతస్తుకూ మొదటి అంతస్తుకూ మధ్య హోఖ్‌పార్టెరె, మెత్సనీన్ అనే అంతస్తులు కూడా ఉంటాయి. అందువల్ల మూడో అంతస్తు అని చెప్పిన ఇంటికి నిజానికి నాలుగైదు అంతస్తుల మెట్లు ఎక్కవలసి రావచ్చు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారితో వెళ్తుంటే లిఫ్ట్ ఉందా అని ముందే అడగడం తప్పుకాదు.

చెప్పిన వేళకు చేరండి. ఐదు నిమిషాలు ఆలస్యమైనా సందేశం పంపండి. అరగంట ముందుగా చేరితే దగ్గరి పార్కులో కూర్చుని, వేళకు బెల్ కొట్టండి.

మూడు రోజుల్లో చేయవలసిన నమోదు

చాలామందికి ఈ సంగతి తెలియదు. ఆస్ట్రియాలో ఒకరి ఇంట్లో మూడు రోజులకు మించి ఉండే అతిథి, వచ్చిన మూడు రోజుల్లోగా తన నివాసాన్ని నమోదు చేసుకోవాలి. హోటల్లో దిగినవారికి హోటలే చూసుకుంటుంది, ఇంట్లో దిగినవారు తామే చేసుకోవాలి. మెల్డెత్సెట్టెల్ అనే ఫారాన్ని నింపి, ఇంటి యజమాని లేదా అద్దెదారు చేత సంతకం చేయించి, పాస్‌పోర్టుతో పాటు నగరపాలక జిల్లా కార్యాలయానికి తీసుకెళ్తే పని పూర్తవుతుంది. దీనికి రుసుము లేదు. మీరు దిగిన జిల్లా కార్యాలయానికే వెళ్లాలన్న నియమం కూడా లేదు, వియన్నాలో ఏ జిల్లా నమోదు కార్యాలయమైనా సరిపోతుంది. శనివారం చేరినవారు సోమవారం పొద్దున్నే ఈ పని పెట్టుకోండి. బంధుమిత్రుల ఇళ్లకు వచ్చిన అతిథుల విషయంలో ఈ నియమం ఇంటివారికే గుర్తుండకపోవచ్చు, కాబట్టి మీరే అడగండి. చట్టానికి కట్టుబడే అతిథి మీద వారికి గౌరవం పెరుగుతుంది.

ఇంట్లో మెలగడం

చెప్పుల విషయంలో మనకు కొత్త నేర్పవలసిన పని లేదు. వియన్నా ఇళ్లలోనూ గుమ్మం దగ్గరే బూట్లు విప్పుతారు. లోపల తొడుక్కోవడానికి పాచెన్ అనే మెత్తటి చెప్పులు ఇస్తారు, చెక్క నేల చలికి అవి నిజంగా అవసరం.

స్నానాల గది దగ్గర మాత్రం జాగ్రత్త కావాలి. అక్కడి బాత్రూమ్ నేల పొడిగా ఉండాలి. చాలా ఇళ్లలో నేల మీద నీళ్లు పోయే జాలి ఉండదు, నీళ్లు చిమ్మితే పలకల సందుల్లోంచి కింది ఇంటి పైకప్పుకు చెమ్మ దిగుతుంది. టబ్బులోనో గాజు అరలోనో నిలబడి, తెరను లోపలివైపుకు వేసుకుని స్నానం చేయాలి. ముగిశాక కింద పడ్డ నీటిని గుడ్డతో తుడిచేయాలి. మరుగుదొడ్డి తరచుగా వేరే చిన్న గదిలో ఉంటుంది, అక్కడ కాగితమే తప్ప నీళ్ల కుళాయి ఉండదు. నీళ్లు లేనిదే కుదరని వారు మూత ఉన్న చిన్న ప్లాస్టిక్ సీసాను వెంట ఉంచుకోవడం అందరికీ సౌకర్యం. ఇంట్లో ఐదుగురికి ఒకే బాత్రూమ్ ఉంటే, పొద్దున ఎవరు ఎప్పుడు వెళ్తారో మొదటి రాత్రే అడిగి మీ వేళ ఖాయం చేసుకోండి.

రాత్రి పదింటి నుంచి పొద్దున ఆరింటి దాకా నిశ్శబ్దం పాటించే వేళ. ఆ సమయంలో వాషింగ్ మెషిన్ వేయడం, బరువైన పెట్టెలు ఈడ్చడం, గట్టిగా మాట్లాడటం పొరుగువారి ఫిర్యాదుకు దారితీస్తాయి. ఆ ఫిర్యాదు వెళ్లేది మీ మీద కాదు, ఏళ్లుగా ఆ భవనంలో బతుకుతున్న మీ ఇంటివారి మీద. మనకూ వియన్నాకూ మధ్య ఉన్న మూడున్నర గంటల తేడా (వారి వేసవిలో) లేక నాలుగున్నర గంటల తేడా (చలికాలంలో) వల్ల మన వాళ్ల ఫోన్లు అక్కడ తెల్లవారకముందే మోగుతాయి. రాత్రి ఫోన్‌ను మౌనంలో పెట్టండి. స్పీకర్‌లో వీడియో కాల్ మాట్లాడటం ఇంట్లోనే కాదు, రైల్లోనూ వద్దు.

చెత్త వేరు చేయడం అక్కడ అలవాటు, దాన్ని శ్రద్ధగా పాటిస్తారు. కాగితం, ప్లాస్టిక్ డబ్బాలు, తెల్ల గాజు, రంగు గాజు, వంటింటి తొక్కలు దేనికవి విడిగా వేస్తారు. 2025 జనవరి నుంచి పానీయాల ప్లాస్టిక్ సీసాల మీద, లోహపు డబ్బాల మీద 25 సెంట్ల డిపాజిట్ వసూలు చేస్తున్నారు, ఖాళీ సీసాను నలపకుండా సూపర్‌మార్కెట్ యంత్రంలో వేస్తే ఆ సొమ్ము తిరిగి వస్తుంది. నిజానికి నీళ్ల సీసాలు కొనవలసిన అవసరమే లేదు. 1873లో, 1910లో పూర్తయిన రెండు కాలువల ద్వారా ఆల్ప్స్ కొండల ఊటనీరు నేరుగా ఇళ్ల కుళాయిలకు వస్తుంది. ఆ నీటిని చూసి వియన్నావారు గర్వపడతారు. సీసా నీళ్లు కొనుక్కొచ్చే అతిథిని చూస్తే వారికి కాస్త బాధగానే ఉంటుంది.

తాళంచెవి గురించి ఒక హెచ్చరిక. చాలా ఇళ్ల తలుపులకు బయటివైపు తిరగని గుండీ ఉంటుంది. తలుపు మూసుకుంటే తాళం పడినట్టే, చెవి లోపలుంటే మెకానిక్‌ను పిలవక తప్పదు. పైగా ఒకే చెవితో వీధి తలుపు, ఇంటి తలుపు తెరుచుకునే భవనాల్లో ఆ చెవి పోతే మొత్తం తాళాల అమరికే మార్చవలసి రావచ్చు. చెవిని చిరునామాతో కలిపి ఎప్పుడూ ఉంచకండి.

భోజనాల దగ్గర

శాకాహారులమని చెబితే సరిపోదు. గుడ్డు తింటారా, చేప తింటారా, మాంసం ఉడికించిన నీటితో చేసిన సూప్ తాగుతారా అన్నది విడిగా రాయాలి. ఆస్ట్రియాలో తేటగా ఉండే పల్చటి సూప్ అంటే సాధారణంగా గొడ్డుమాంసపు రసమే, అందులో సన్నగా తరిగిన అట్టుముక్కలు మాత్రమే కనిపించినా సరే. జెలటిన్ కలిసిన తీపి పదార్థాలు, పంది కొవ్వుతో వేయించినవి కూడా పైకి తెలియవు. గుడ్డు తినేవారికి మాత్రం వియన్నా వంటిల్లు స్వర్గం. ముక్కలుగా తుంచి చక్కెరపొడి చల్లిన కైజర్‌ష్మార్న్, ఆప్రికాట్ పండును పిండిలో చుట్టి ఉడికించిన మరిల్లెన్‌క్నోడెల్, జున్నుతో చేసే స్పెట్స్‌లె, ఇవన్నీ మాంసం లేనివే.

సాయంత్రం భోజనం చల్లగా ఉండవచ్చు. రొట్టె, జున్ను, ఊరగాయ ముక్కలు, ముల్లంగి బల్ల మీద పెట్టి రమ్మంటారు. పొయ్యి వెలిగించలేదేమిటని అనుకోకండి, మధ్యాహ్నం వేడి భోజనం చేసే ఇళ్లలో రాత్రి అలాగే తింటారు. అందరూ కూర్చుని గూటెన్ ఆపెటీట్ అనేదాకా మొదలుపెట్టకూడదు. గ్లాసులు తాకించేటప్పుడు ఎదుటివారి కళ్లలోకి చూడాలి, మీ గ్లాసులో ద్రాక్షరసమున్నా నీళ్లున్నా పరవాలేదు. మద్యం తాగనని ఒక్కసారి చెబితే చాలు, ఎవరూ బలవంతపెట్టరు. ప్లేటులో వడ్డించుకున్నది వదిలేయడం మాత్రం వారికి నచ్చదు.

ఒక సాయంత్రం మీరే వండుతానని చెప్పండి. పులిహోర, ముద్దపప్పు, బంగాళాదుంప వేపుడు అంటే ఎవరికీ ఇబ్బంది ఉండదు. వంటింట్లో ఉన్నది ఇండక్షన్ పొయ్యి అయితే అల్యూమినియం పాత్రలు పనిచేయవు, వారి గిన్నెలే వాడండి. పోపు వేసే ముందు వంటింటి తలుపు మూసి, కిటికీ తెరిచి, పొగ లాగే ఫ్యాన్ వేయాలి. ఎండుమిర్చి ఘాటుకు దగ్గొచ్చినా, ఆ వాసన హాల్లోని కోట్లకు పట్టినా వారు పైకి అనరు. కారం విడిగా పెట్టి ఎవరికి వారు కలుపుకునేలా వడ్డిస్తే పిల్లలు కూడా తింటారు. గిన్నెలు కడిగి, పొయ్యి తుడిచేదాకా వంట పూర్తయినట్టు కాదు.

ఊరు చూడటం

ఇంటివారు మిమ్మల్ని రోజంతా తిప్పుతారని ఆశించకండి. వారికి ఉద్యోగాలుంటాయి. మొదటి సాయంత్రం వారి ముందు మీ ప్రణాళిక పెట్టి, ఏ పూట వారితో, ఏ పూట విడిగా అన్నది తేల్చుకోండి. షోన్‌బ్రున్ ప్రాసాదం, గుస్తావ్ క్లిమ్ట్ గీసిన ముద్దు చిత్రమున్న బెల్వెడేర్, బ్రూగెల్ చిత్రాలున్న కళాచరిత్ర మ్యూజియం వంటివి మీరు విడిగా చూసుకోండి. అవన్నీ వారు చిన్నప్పుడు బడి నుంచి వెళ్లి చూసినవే. షోన్‌బ్రున్ లోపలికి నిర్ణీత సమయపు టికెట్ కావాలి, దాని తోటలు మాత్రం ఉచితం. పంతొమ్మిదేళ్ల లోపువారికి ప్రభుత్వ మ్యూజియాల్లో ప్రవేశం ఉచితం, కార్ల్స్‌ప్లాత్స్‌లోని వీన్ మ్యూజియం శాశ్వత ప్రదర్శన అందరికీ ఉచితం. ఒపేరాలో నిలబడి చూసే చోట్లను చాలా తక్కువ ధరకు ప్రదర్శన రోజునే అమ్ముతారు, అక్కడి కటకటాకు ఒక స్కార్ఫ్ కట్టి మీ చోటు గుర్తుపెట్టుకోవడం ఆచారం. జూలై, ఆగస్టు నెలల్లో ఒపేరాకు సెలవు.

మెట్రో స్టేషన్లలో గేట్లుండవు, ముద్ర లేని కాగితపు టికెట్ అయితే నీలం పెట్టెలో ముద్ర వేయించుకుని ఎక్కాలి. తనిఖీ వచ్చినప్పుడు తెలియదంటే వినరు. ఎస్కలేటర్ మీద కుడివైపు నిలబడాలి, 2019 నుంచి మెట్రో బోగీల్లో తినడం నిషిద్ధం, ఎర్రటి సైకిల్ దారిలో నడవకూడదు. శుక్ర, శని రాత్రుల్లో మెట్రో తెల్లవార్లూ నడుస్తుంది.

ఇంటివారితో గడపవలసింది ఆదివారం. శనివారం సాయంత్రం ఆరింటికి దుకాణాలు మూతపడితే మళ్లీ సోమవారమే తెరుస్తారు, పెద్ద రైల్వే స్టేషన్లలోని కొట్లు వంటి కొన్నే మినహాయింపు. పాలు, కూరలు శనివారమే తెచ్చుకోవాలి. కొనుగోళ్లు లేని ఆ రోజున వియన్నావారు నడుస్తారు. హైలిగెన్‌స్టాట్ నుంచి 38ఏ బస్సెక్కి 484 మీటర్ల కాలెన్‌బెర్గ్ కొండ చేరి, ద్రాక్షతోటల మధ్య నుంచి నుస్‌డోర్ఫ్ వైపు దిగి, దారిలో హోయ్‌రిగెర్ అనే తోటలోని వైన్ శాలలో బల్లలకు ఇరువైపులా కూర్చుని తినడం వారి ఆదివారానికి చక్కని ఉదాహరణ. గుమ్మం మీద పైన్ కొమ్మ వేలాడుతుంటే ఆ రోజు తెరిచి ఉందని అర్థం. ఇరవై ఒక్క కిలోమీటర్ల డాన్యూబ్ ద్వీపం, 1930లో తెరిచిన కిలోమీటరు పొడవున్న కార్ల్ మార్క్స్ హోఫ్ కార్మిక గృహ సముదాయం కూడా అడిగితే ఉత్సాహంగా చూపిస్తారు. ముఖ్యంగా నగరపాలక గృహాల్లో నివసించే కుటుంబమైతే, తమ ఊళ్లో ఇల్లు ఎలా దొరుకుతుందో, అద్దె ఎంతలో ఉంటుందో చెబుతుంటే వినాలి. ఏ గైడూ చెప్పని వియన్నా అది.

కాఫీ హౌస్‌కు వారిని మీరు తీసుకెళ్లండి. మెలాంజ్ అనే పాలకాఫీ ఒక కప్పు తెప్పించుకుని, పక్కన వచ్చే నీళ్ల గ్లాసుతో, వార్తాపత్రికతో ఎంతసేపు కూర్చున్నా ఎవరూ లేవమనరు. బిల్లు మీరు ఇవ్వాలనుకుంటే లోపలికి వెళ్లేముందే ఆ మాట చెప్పండి, బల్ల దగ్గర లాక్కోవడం అక్కడ లేదు. టిప్పును బల్ల మీద వదలకుండా, బిల్లుకు అయిదు నుంచి పది శాతం కలిపి ఆ మొత్తాన్ని పైకి చెప్పి చెల్లిస్తారు. నగదు కొంత దగ్గర ఉంచుకోండి, చిన్న కొట్లలో ఇప్పటికీ కార్డు తీసుకోకపోవచ్చు.

బయలుదేరే ముందు

చివరి రోజు పొద్దున మీరు వాడిన దుప్పట్ల తొడుగులు, దిండు గలేబులు తీసి మడిచి, ఎక్కడ పెట్టాలో అడగండి. ఫ్రిజ్‌లో మీవి మిగిలినవి ఉంటే ఉంచనా, తీసేయనా అని చెప్పించుకోండి. డబ్బు ఇవ్వబోవడం మంచిది కాదు. అంతకుముందు ఒకరోజు కూరగాయలు, రొట్టె మీరే కొనడం, ఒక భోజనానికి బయటకు తీసుకెళ్లడం సరైన పద్ధతి. చేత్తో రాసిన కార్డు ఒకటి వంటింటి బల్ల మీద పెట్టండి. ఏ రోజు, ఏ మాట, ఏ వంటకం మీకు బాగా నచ్చిందో పేరుపెట్టి రాయండి. మొత్తంగా ధన్యవాదాలు అనడం కన్నా అది వారికి ఎక్కువ సంతోషమిస్తుంది.

నమోదు చేసుకున్నవారు దాన్ని రద్దు చేయించుకోవడం మరువకూడదు. వెళ్లే ముందు మూడు రోజుల్లోనైనా, వెళ్లిన తరువాత మూడు రోజుల్లోనైనా అదే ఫారంతో ఆ పని ముగించాలి. విమానం పొద్దున్నే అయితే, ముందు రోజే జిల్లా కార్యాలయానికి వెళ్లి రండి. తాళంచెవిని మాత్రం ఉత్తరాల పెట్టెలో వేసి వెళ్లకుండా ఇంటివారి చేతికే ఇవ్వండి.